కదలని బొమ్మ

ఆ రోజుల్లో మా వైపు సినిమాని సినిమా అనేవాళ్లు తక్కువ. బొమ్మ అనేవాళ్లం. "బొమ్మ పడిందా?" అంటే ఆట మొదలైందా అని. "బొమ్మ ఎట్లా ఉంది?" అంటే కథ, పాటలు, కొట్లాటలు, ఏడుపులు అన్నీ కలిపి ఎలా ఉన్నాయని. "ఈ బొమ్మ ఆడదు" అంటే వారం తిరక్కుండా డబ్బాలో పెట్టి పంపేస్తారని. ఒక్క మాటతో ఇన్ని పనులు జరుగుతుంటే రెండో మాట దండగ అనుకునే పొదుపరులం మేము. ఆ పొదుపే ఒకసారి నా కొంప ముంచింది. మొన్నీమధ్య మా అమ్మాయి ఇంట్లో తక్కువ ఖర్చులో హోమ్ థియేటర్ పెట్టుకుంటానంటే తోడుగా బెజవాడలో ఒక షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ప్రొజెక్టర్లన్నీ వరసగా చూపించి, దేనికి వెలుతురెంత, గోడకి ఎన్నడుగుల దూరంలో పెట్టాలి, తెర తెల్లదైతే మంచిదా బూడిదరంగుదైతే మంచిదా అని అరగంట ఊదరగొట్టాడు. అంతా అయ్యాక "ఇంకేమైనా అడగాలా సార్?" అన్నాడు కదా అని, "బొమ్మ కదులుతుందా బాబూ?" అని అడిగాను. కుర్రాడు కొయ్యబారిపోయాడు. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. వాళ్లని అనడానికేం లేదు. ఆ ప్రశ్న నేను నలభై ఐదేళ్ల కిందట నందిగామలో అడగాల్సింది. అడిగాను కూడా. కాకపోతే తిరగేసి అడిగాను.

జగ్గయ్యపేటలో మాది ఎండుమిరపకాయల వ్యాపారం. ముందు కొట్టు, కొట్టు వెనక గిడ్డంగి, గిడ్డంగి వెనక ఇల్లు. మా ఇంట్లో పుట్టిన పిల్లలు ముందు తుమ్మి, ఆ తర్వాత ఏడుస్తారని చుట్టాలు ఎగతాళి చేసేవారు. (నిజానికి మేమెవరం తుమ్మేవాళ్లం కాదు, అలవాటైపోయింది. చూడటానికి వచ్చిన చుట్టాలే తుమ్మి తుమ్మి వెళ్లేవారు.) ఇంటికి పెద్ద నాయనమ్మ. కొట్లో నాన్న మాటకి ఎదురుండేది కాదు, ఇంట్లో నాయనమ్మ మాటకి నాన్న ఎదురు చెప్పేవాడు కాదు. నేను అప్పటికి నందిగామ కాలేజీలో బి.కాం. వెలగబెట్టి, గుర్తుగా ఒక పేపరు మిగుల్చుకుని, కొట్లో కూర్చుంటున్నాను. ఒకసారి ఇంట్లో ఫ్యూజు పోతే తీగ చుట్టి దీపాలు వెలిగించిన పుణ్యానికి, కరెంటుతో నడిచే ప్రతి వస్తువు మీదా తీర్పు చెప్పే అధికారం నాకు దఖలు పడింది. ఆ తీగ చుట్టేటప్పుడు నా చేతులు ఎంత వణికాయో చీకట్లో ఎవరూ చూడలేదు.

ఇంట్లో ఇంకో మనిషి అత్తయ్య, నాన్నకి చెల్లెలు. నందిగామ కోడలు. మామయ్య పోయాక పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి ఆవిడకి ముప్ఫై కూడా నిండలేదు, పిల్లల్లేరు. వచ్చిన దగ్గర్నుంచీ అంచు లేని తెల్లచీర, వంటిల్లు, డాబా, అంతే ఆవిడ లోకం. మామయ్యకి సినిమాల పిచ్చి. నందిగామలో డేరా హాలు ఉండేది. అందులో పడ్డ ప్రతి బొమ్మకీ ఆవిణ్ణి తీసుకెళ్లేవాడట. ఆయన పోయాక ఆవిడ హాలు గడప తొక్కలేదు. తొక్కకూడదని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. మా ఇళ్లల్లో కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే అమలైపోతాయి. మా ఇంటికి రెండు వీధుల అవతల సినిమా హాలు ఉండేది. ఉక్కకి తలుపులన్నీ బార్లా తీసి ఆడించేవారు. రోజూ సాయంత్రం మొదటాట వేళకి అత్తయ్య ఆరేసిన బట్టలు తీసుకొస్తానని డాబా ఎక్కేది. బట్టలు తీయడానికి రెండున్నర గంటలెందుకో ఒకరోజు చూద్దామని నేనూ ఎక్కాను. పిట్టగోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని, హాల్లోంచి గాలిలో తేలివస్తున్న మాటలకి పెదవులు కదుపుతూ కూర్చుని ఉంది. అక్కడ హీరోయిన్ ఏడిస్తే ఇక్కడ ఆవిడ గడ్డం వణుకుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది.

"గాలి అటు తిరిగినప్పుడల్లా మధ్యలో ముక్కలు పోతయ్ రా," అంది, దొంగతనం ఒప్పుకుంటున్నంత చిన్న గొంతుతో. "పోయిన ముక్కలు నేనే అల్లుకుంటా."

పన్నెండేళ్లుగా మా అత్తయ్య సినిమాలు వింటోంది. ఒక్కటీ చూడలేదు. అదే ఇంట్లో తిని తిరుగుతూ, వారానికి రెండు బొమ్మలు చూసి వచ్చి చెయ్యి కడుక్కుని ఆవిడ వడ్డిస్తే తినే నేను, నిలబడ్డ చోటే నిర్ఘాంతపోయాను. నాకు చాలా సిగ్గేసింది. కిందకి దిగుతూనే నాన్నతో చెప్పాను. ఆయన నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ తమలపాకు ఈనె తీస్తూ, "అది హాలుకి పోదు, నేను పొమ్మననూ. హాలే మనింటికొస్తే నేనెందుకు కాదంటా," అంది. అదే అనుమతి అనుకున్నాం. ఇంట్లో బొమ్మ వేసుకునే మిషను కొనాలి, ఒక తెర కొనాలి. ఏం కొనాలో తేల్చేది ఎవరు? ఫ్యూజు వేసినవాడే.

అత్తయ్య మూడు రోజులు "నాకెందుకురా, మీకు పనీపాటా లేదా" అంటూనే ఉంది. నాలుగో రోజు మజ్జిగ చిలుకుతూ, కవ్వం ఆపకుండానే ఒక షరతు పెట్టింది. "డేరా హాల్లో బొమ్మ ఒకటే వణికేది. గంట చూసేసరికి కళ్లు తిరిగేవి, మీ మామయ్య సోడా తెచ్చి తాగించేవాడు. నువ్వు తెచ్చేది ఏదైనా తే. బొమ్మ మాత్రం కదలకూడదు నాయనా." దానికేం భాగ్యం, ఒక్క అంగుళం కూడా కదలనివ్వనని మాటిచ్చాను. జీవితంలో నేను ఇంత అక్షరాలా నిలబెట్టుకున్న మాట ఇంకోటి లేదు.

ముందు బెజవాడ వెళ్లాను. అక్కడ ఇంట్లో పెట్టుకునే చిన్న సినిమా మిషన్లు ఉన్నాయి గానీ, ధర చెప్పేసరికి గుమాస్తాకి నమస్కారం పెట్టి తర్వాతి బస్సెక్కాను. నాన్న నిరుత్సాహపడలేదు. "కొత్తదెందుకురా? పాత సరుకైనా పనికొచ్చేది చూడు. కాయ విరిచి చూడకుండా, బరువు చూడకుండా ఏదీ కొనబాకు," అన్నాడు. ఇంతలో నందిగామ నుంచి కబురొచ్చింది. అత్తయ్య వాళ్లు చూసిన ఆ డేరా హాలునే ఎత్తేస్తున్నారట, సామానంతా అమ్మేస్తున్నారట. ఆ కబురు విని నేను అది దైవసంకల్పమే అనుకున్నాను.

వెళ్లేసరికి డేరా అప్పటికే దించేశారు. ఎండలో గుంజలు, బెంచీలు, చిరిగిన గుడ్డలు కుప్పలుగా పడున్నాయి. వాటి మధ్య, ఇరవయ్యేళ్లు గుమ్మం దగ్గర టికెట్లు చింపిన గేటాయన (ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలీదు) ఒక ఇనప పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద మిషన్లు రెండూ ఎవరో ముందే పట్టుకుపోయారని, ఇంట్లోకైతే తన కిందున్న చిన్న మిషను సరిపోతుందని లేచి చూపించాడు. నల్లటి పెట్టె, ముందొక అద్దాల గొట్టం, వెనకొక పెద్ద బల్బు. మీరు నవ్వకుండా వినాలి. నేను అప్పటికి వందల బొమ్మలు చూశాను గానీ మిషను గదిలోకి తొంగి చూసింది లేదు. హాల్లో కూర్చున్నవాడు ముందుకి చూస్తాడు, వెనక్కెందుకు చూస్తాడు. ఆ అజ్ఞానం బయటపడకుండా గొంతు బరువు చేసుకుని అడిగాను.

"ఇది హాల్లో వాడిన మిషనేనా అండి?"

"పదిహేనేళ్లు వాడాం బాబూ. రోజుకి మూడాటలు. ఒక్క పూట మొరాయించలా."

"బొమ్మ బాగా పడుతుందా?"

"గోడంత పడుద్ది."

"రంగుల్లోనా?"

"రంగుల్లోనే. ఎర్రచీర ఎర్రగా కనపడుద్ది, పచ్చచెట్టు పచ్చగా కనపడుద్ది."

ఇక అసలు ప్రశ్న. "బొమ్మ కదలదు కదండీ? మా అత్తయ్యకి కదిలితే పడదు."

గేటాయన నన్ను ఎగాదిగా చూశాడు. "కదలటమేంది బాబూ. పొద్దస్తమానం వేసి ఉంచుకో. వెంట్రుకవాసి కదిలిందా, ఇది తెచ్చి నా మొహాన కొట్టు."

అంతటి పూచీ మా కొట్లో మిరపకాయలకి మేము కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. నా గుండె పొంగింది. బొమ్మలు కూడా మీరే ఇస్తారా అని అడిగితే, చిన్న చెక్కపెట్టె ఒకటి తెచ్చి ముందు పెట్టి, "పాతిక దాకా ఉంటయ్. అన్నీ నువ్వే పట్టుకుపో," అన్నాడు. పాతిక సినిమాలు. (బూట్ల పెట్టెంత పెట్టెలో పాతిక సినిమాలు ఎలా పడతాయని బి.కాం. ఒక పేపరు తక్కువ చదివినవాడికి తట్టలేదు.) వేసి చూపించమందామంటే అక్కడ కరెంటు లేదు, పైన మిట్టమధ్యాహ్నపు ఎండ. కాయ విరిచి చూసే వీల్లేదు కాబట్టి నాన్న చెప్పిన రెండో పరీక్ష చేశాను. రెండు చేతులా ఎత్తి చూశాను. నడుం పట్టేసింది. మంచి సరుకే అని తీర్మానించుకుని బస్సు టాపు మీదకి ఎక్కించాను.

ఇక తెర. దీని మీద ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. గోడకి సున్నం కొట్టి దాని మీదే వేద్దామన్నాడు నాన్న. ఆ గతుకుల గోడ మీద వేస్తే హీరోయిన్‌కి అమ్మవారు పోసినట్టుంటుందని అమ్మ ఒప్పుకోలేదు. సిమెంటు రేకు తెచ్చి రంగు వేద్దామన్నాను నేను. నా మాట అప్పటికింకా చెల్లుబాటవుతోంది గానీ రేకు బండిలోనే విరిగింది. చివరికి బట్టల కొట్టు నుంచి మంచి తెల్లటి పాప్లిన్ తాను తెప్పించి, రెండు వెడల్పులు కలిపి కుట్టించాం. ఆట అమావాస్య మధ్యాహ్నానికి పెట్టాం. అమావాస్య పూట కొత్త మిషనేంట్రా అని నాయనమ్మ సణిగింది గానీ, మా బజారులో కొట్లన్నీ కట్టేసేది నెలకి ఆ ఒక్కరోజే. గిడ్డంగి ఖాళీగా దొరికేదీ ఆ రోజే. బస్తాలన్నీ ఒక పక్కకి నెట్టించి, కిటికీలకి గోతాలు కట్టించి, పగలే చీకటి చేశాం. వీధిలో ఆడవాళ్లు ఎవరి పీట వాళ్లు తెచ్చుకుంటామని రెండు రోజుల ముందే చెప్పి వెళ్లారు.

అమావాస్య పొద్దున నేను పెరట్లోకి వెళ్లి చూద్దును కదా, దండెం మీద మా తెర ఆరుతోంది. పసుప్పచ్చగా. బంతిపువ్వులా.

"ఏంటి నాయనమ్మా ఇది?"

"తెరే," అంది ఆవిడ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. ఆ చేతులూ పచ్చగానే ఉన్నాయి. "తానులోంచి చింపిన తెల్లగుడ్డ, పసుపు పెట్టకుండా ఇంట్లో వేలాడదీస్తారా ఎక్కడన్నా? అసలే అమావాస్య. ముందు నాలుగు మూలలే పెట్టా. అక్కడక్కడా మరకల్లే ఉందని, సమానంగా ఉంటుందని మొత్తం ముంచేశా."

ఆశ్చర్యపోవడానికేం లేదు. కొత్త జేబురుమాలుకైనా మూలకి పసుపు పెట్టందే చేతికివ్వని మనిషి ఆవిడ. తెరకి పెట్టదని నేనెలా అనుకున్నానో. పరుగెత్తుకుంటూ బజారుకి వెళ్తే కొట్లన్నీ మూసి ఉన్నాయి. బట్టల కొట్టాయన వెనక తలుపు కొడితే, ఇంటిల్లిపాదీ వేదాద్రి వెళ్లారని, నరసింహస్వామి దర్శనం చేసుకుని సాయంత్రానికి గానీ రారని పక్కింటావిడ చెప్పింది. తిరిగొచ్చేసరికి జనం పీటలతో గిడ్డంగిలో సర్దుకుంటున్నారు. పచ్చ తెర మీద వేస్తే హీరోకి, విలన్‌కి, అందరికీ కామెర్లు వస్తాయి. ఏం చెయ్యాలో తోచక తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అత్తయ్య లోపలికి వెళ్లి, ఉతికి మడతపెట్టుకున్న తన చీర ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇది పసుపు తగలని గుడ్డేగా," అంది. మామూలుగానే అంది. నాయనమ్మ పచ్చటి చేతులు కొంగులో దాచుకుని లోపలికి వెళ్లిపోయింది. చీరని చించకుండా మధ్యకి మడిచి, రెండు సగాలూ పక్కపక్కన వచ్చేట్టు వెదురుగడకి కట్టాను.

తలుపులు మూశాం. పీటల మీద యాభై మంది. ముందు వరసలో అత్తయ్య, పక్కన నాయనమ్మ. మిషను వేడెక్కగానే మిరపఘాటు లేచింది. నేను పెట్టెలోంచి మొదటి బొమ్మ తీశాను. అది అరచేతిలో పట్టేంత గాజుపలక. ఒకే పలకలో సినిమా అంతా ఎలా పట్టించారో అని ఆశ్చర్యపోయి, మనకి తెలీని టెక్నిక్ ఏదో అయ్యుంటుందని సరిపెట్టుకుని లోపల పెట్టాను. చీర మీద వెలుగు పడింది. వెలుగులో అక్షరాలు తలకిందులుగా వేలాడాయి. జనం చప్పట్లు కొట్టారు. పలక తిప్పి పెట్టాను. "నిశ్శబ్దము పాటించండి" అని వచ్చింది. యాభై మందీ ఒక్కసారిగా తుమ్మారు. రెండో పలక, "పొగ త్రాగరాదు." వెనక నించున్న హమాలీ మేస్త్రి నోట్లోంచి వెలిగించని చుట్ట తీసి జేబులో పెట్టుకున్నాడు. అచ్చం హాల్లో ఉన్నట్టే ఉందని అందరూ మెచ్చుకున్నారు. నాకు కాలర్ ఎగరేయాలనిపించింది. మూడో పలక పెట్టాను. ఎర్రచీర కట్టుకున్న అమ్మాయి, చెయ్యి నడుం మీద పెట్టుకుని, తల పక్కకి వంచి నవ్వుతోంది. "హీరోయిన్ వచ్చిందర్రా," అన్నారెవరో. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

హీరోయిన్ నవ్వుతూ ఉంది. ఒక నిమిషం నవ్వింది. రెండు నిమిషాలు నవ్వింది. "నోరు తెరవదేం?" అంది ఒకావిడ. "సిగ్గుపడుతుంది లెండి," అంది ఇంకొకావిడ. నేను మిషను వెనక మీట కోసం వెతుకుతున్నాను. పైన లేదు, కింద లేదు, పక్కన తడిమితే వేలు కాలింది. చీకట్లోంచి నాన్న గొంతు వినిపించింది. "బొమ్మ కదలటం లేదేంట్రా?"

సరిగ్గా అప్పుడు వినిపించింది నాకు గేటాయన మాట. వెంట్రుకవాసి కదిలిందా, తెచ్చి నా మొహాన కొట్టు. ఎర్రచీర అమ్మాయి నడుం కింద చిన్న అక్షరాలు అప్పుడు చదివాను. ఏదో చీరల కొట్టు పేరు, వీధి పేరు, "ఒకసారి దయచేయండి." గబగబా మిగతా పలకలు వెలుతురుకి ఎత్తి చూశాను. బీడీలు, సైకిళ్లు, తలనొప్పి బిళ్లలు, పాలపొడి. నేను మోసుకొచ్చింది సినిమా మిషను కాదు. ఆట మొదలయ్యే ముందు ప్రకటనలు వేసే మిషను. పాతిక బొమ్మలు, ఒక్కటీ కదిలే బొమ్మ కాదు. ఆయన నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. పీటలు కదుల్తున్నాయి. నన్ను నవ్వితే నవ్వారు, నాకు దిగులు దాని గురించి కాదు. పన్నెండేళ్ల తర్వాత ఒక మనిషి బొమ్మ చూద్దామని తన చీరనే తెరగా కట్టించి ముందు వరసలో కూర్చుంటే, ఆవిణ్ణి వీధి మొత్తం ముందు నవ్వులపాలు చేశాను. ఆవిడ వీపు కనిపిస్తోంది. అది కదలటం లేదు. ఏడుస్తోందనుకున్నాను.

"ఈ పిల్ల ఇంకా ఉందీ?" అంది అత్తయ్య.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ లేచి తెర దగ్గరకి వెళ్లింది. "ఇది మా నందిగామ చీరల కొట్టు పిల్ల. ప్రతి ఆటకీ ముందు ఈ పిల్లే వచ్చేది. ఈ పిల్ల రాకముందే లోపల కూర్చోవాలని మీ మామయ్య నన్ను తొందరపెట్టి లాక్కెళ్లేవాడు, సగం జడతో." తర్వాత జనం వైపు తిరిగి, పీటల మీంచి లేస్తున్నవాళ్లతో, "ఎక్కడికి పోతారు, కూర్చోండి. బొమ్మ ఇప్పుడేగా పడింది," అంది. నా వైపు చూడకుండా, "ఒరే, ఆ సైకిలు అబ్బాయి ఉన్నాడా? ముందు వాణ్ణి వెయ్యి," అంది.

వేశాను. తర్వాత జరిగింది ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. వడ్డించేటప్పుడు "ఇంకొంచెం వెయ్యనా" తప్ప పెద్దగా మాట్లాడని మా అత్తయ్య, సైకిలు అబ్బాయి గొంతుతో మాట్లాడింది. ఎర్రచీర పిల్ల గొంతుతో జవాబు చెప్పింది. బీడీల మీసాలాయన మేనమామట, ఆస్తి కోసం పిల్లని తన కొడుక్కి కట్టబెట్టాలని చూస్తున్నాడట. ఆయన నవ్వు నవ్వేసరికి ముందు వరసలో పిల్లలు తల్లుల ఒళ్లోకి దూరారు. తలనొప్పి బిళ్లాయన, కణతలు పట్టుకుని కూర్చున్నవాడు, పిల్ల తండ్రి. ఆయనకి అంతకన్నా తగిన వేషం ఇవ్వడం ఎవరివల్లా కాదు. వాన కురిసింది, ఉరిమింది, రైలు వచ్చింది, అన్నీ ఆవిడ నోటితోనే. డాబా మీద పన్నెండేళ్లు విన్నదంతా ఆవిడ గొంతులో దాక్కుని ఉంది. నాకు చేతినిండా పని. "చంటిపిల్లాణ్ణి వెయ్యరా, పిల్ల తల్లికి పాతరోజులు గుర్తొస్తున్నయ్," అంటే పాలపొడి పలక పెట్టేవాణ్ణి. "తీసెయ్, మర్చిపోయింది," అంటే తీసేసేవాణ్ణి. మధ్యలో నాయనమ్మ తట్టుకోలేక, "ఆ బీడీల వెధవని తీసెయ్ రా ముందు, నేను చూడలేను," అంది. కూతురు విలన్‌లా నవ్వినప్పుడు నోరు తెరిచింది ఆవిడ. ఆ నోరు మూయకుండానే, "తర్వాతేమయిందే?" అంది.

కథ సరిగ్గా పాకాన పడ్డ చోట అత్తయ్య ఆగి నాకు సైగ చేసింది. పెట్టెలో వెతికాను. ఉంది. "విశ్రాంతి" అని పడింది. జనం ఒప్పుకోలేదు, గోల చేశారు. అమ్మ ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు పంచింది. నాన్న ఒక మూల నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఘాటు ఎక్కువగా ఉందిరా అన్నాడు. మిరపకాయల కొట్లో పుట్టి పెరిగిన మనిషికి ఘాటేంటని నేను అడగలేదు.

విశ్రాంతి తర్వాత ఎర్రచీర పిల్ల పెళ్లి ఘట్టం. అత్తయ్య చెప్పే ఊపులో తెరకి అడ్డం వచ్చింది. ఆ బొమ్మ సగం తెర మీద, సగం ఆవిడ మీద పడింది. ఆవిడ కట్టుకున్న తెల్లచీర కుచ్చిళ్ల దాకా ఎర్రగా అయిపోయింది. ఆవిడ చూసుకోలేదు, చెప్పుకుపోతూనే ఉంది. అందరూ చూశారు. ఒక్కసారిగా తుమ్ములు కూడా ఆగిపోయాయి. పక్కకి జరగమనే మాట నోటిదాకా వచ్చింది గానీ, ముందు నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ రెప్ప వెయ్యకుండా కూతుర్ని చూస్తోంది. నా వైపు చెయ్యెత్తి, ఉండనీ అన్నట్టు ఊపింది. పలక తియ్యకుండా చాలాసేపు ఉంచాను. ఆ పూట ఆ బొమ్మ కదలనందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అత్తయ్య చెప్పిన కథ మా హాల్లో ఆడిన ఒక బొమ్మదే, నేను చూశాను. అందులో పెళ్లి ఆగిపోతుంది, పిల్ల బావిలో దూకుతుంది. అత్తయ్య చెప్పినదాంట్లో దూకలేదు. సైకిలు అబ్బాయితో రైలెక్కి వెళ్లిపోయింది. అక్కడ గాలి తిరిగి ఉంటుంది, పోయిన ముక్క ఆవిడే అల్లుకుని ఉంటుంది. నాకైతే అదే బాగుంది. "మళ్లీ దయచేయండి" పలక వేసి తలుపులు తీస్తే, యాభై మందీ ఎండలోకి ముక్కులు ఎర్రగా, కళ్లు ఎర్రగా వచ్చారు. అవి నవ్వుతో ఎర్రబడ్డాయో, ఏడుపుతోనో, మిరపకాయలతోనో తేల్చడం కష్టం.

మర్నాడు నాయనమ్మ బట్టల కొట్టాయన్ని ఇంటికి పిలిపించి, లేతరంగు చీరలు రెండు తీసి అత్తయ్య మంచం మీద పెట్టింది. ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో కొన్ని సంగతులు చెప్పకుండానే అమలవుతాయని ముందే అన్నాను కదా, కొన్ని చెప్పకుండానే రద్దు కూడా అవుతాయి. ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం, "ముక్కలు ముక్కలుగా ఎన్నాళ్లు వింటావే, పద," అని తనే వెంటబెట్టుకుని మ్యాట్నీకి తీసుకెళ్లింది. నేను గుమ్మంలో కాచుకుని కూర్చున్నాను. పన్నెండేళ్ల తర్వాత నిజమైన హాలు, నిజమైన తెర, నిజమైన బొమ్మ. రాగానే ఎట్లా ఉందని ఆత్రంగా అడిగాను. అత్తయ్య చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, కాసేపు ఆలోచించింది.

"బానే ఉందిరా," అంది. "కానీ మరీ కదుల్తుంది."

మా అమ్మాయి కొన్న ప్రొజెక్టరు బ్రహ్మాండంగా ఉంది. తెర కూడా మంచిదే, పసుపు పెట్టనిస్తేనే కట్టనిస్తానని మూలకి నేనే ఒక చుక్క పెట్టాను. అందులో బొమ్మ చూస్తూ మొన్న మధ్యలోనే కునుకు తీశాను. ఇరవయ్యేళ్ల వయసులో, నడుం పట్టుకుని, బస్సు టాపు మీదున్న ఇనప పెట్టెని గర్వంగా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ నందిగామ నుంచి వస్తున్న ఆ తెలివైన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి ఎదురెళ్లి, ఒరే అది సినిమా మిషను కాదురా అని చెప్పే వీలు ఇప్పుడు దొరికినా, చెప్పను. వాడు ఆ రోజు సరైన మిషను తెచ్చి ఉంటే, అత్తయ్య మూడు గంటలు నోరు మూసుకుని బొమ్మ చూసి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.